ఆపి ఉంచిన బండిలో బ్యాటరీ ఎందుకు దిగిపోతుంది?

సంక్రాంతికి ఊరెళ్లి పది రోజుల తర్వాత హైదరాబాద్ తిరిగొచ్చిన వాళ్లు సెల్లార్‌లో బైకుకో, స్కూటరుకో తాళం తిప్పుతారు. మీటరు లైట్లు మసగ్గా వెలుగుతాయి. సెల్ఫ్ నొక్కితే టకటకమని చప్పుడే తప్ప ఇంజన్ తిరగదు. చాలామంది అక్కణ్నుంచి నేరుగా కొత్త బ్యాటరీ కొనడానికి వెళ్తారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. బ్యాటరీయే పాడైందా, నడిచేటప్పుడు దానికి చార్జింగ్ అందడం లేదా, ఆగి ఉన్నప్పుడు ఏదైనా కరెంటు లాగేస్తోందా? కారణం మూడోదైతే కొత్త బ్యాటరీ కూడా వచ్చే సెలవులకు ఇలాగే మొరాయిస్తుంది.

ముందు టెర్మినళ్లు చూడండి. వదులైన నట్టు, తెల్లగా పచ్చగా పట్టిన పొడి మంచి బ్యాటరీని కూడా చచ్చినదానిలా చూపిస్తాయి.

ఆ తర్వాత మల్టీమీటర్ కావాలి, చవకరకమైనా చాలు. బ్యాటరీని నిండా చార్జ్ చేసి, తీగలు తగిలించకుండా రాత్రంతా వదిలి, పొద్దున కొలవండి. 12.6 వోల్టులు, ఆపైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 దగ్గరుంటే సగం. తీగలు లేకుండానే తెల్లారేసరికి 12 కిందికి జారిందంటే బ్యాటరీ ఆయువు తీరినట్టే. అది బాగుంటే బండికి బిగించి, ఇంజన్ స్టార్ట్ చేసి, కాస్త రేజ్ చేస్తూ చూడండి. సుమారు 13.5 నుంచి 14.5 దాకా రావాలి. 13 కూడా దాటకపోతే కాయిల్, రెక్టిఫైయర్, వైరింగ్‌లలో ఎక్కడో లోపముంది. 15 దాటితే రెక్టిఫైయర్ అదుపు తప్పింది, బ్యాటరీ ఉడికిపోతుంది.

ఈ రెండూ సరిగ్గా ఉన్నా బండి ఆగినప్పుడు బ్యాటరీ దిగుతోందంటే, అదే మన మూడో కారణం. తాళం తీసేసి, నెగటివ్ తీగ విప్పండి. మీటరును 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి, ఆ తీగకూ నెగటివ్ టెర్మినల్‌కూ మధ్య కలపండి. ఈ పని జరుగుతున్నంతసేపూ తాళం తిప్పకండి, సెల్ఫ్ అసలు ముట్టుకోకండి; మీటరు ఫ్యూజు పోతుంది. గడియారానికి, ఈసీయూకి (ఇంజన్ కంప్యూటర్‌కి) కొద్ది మిల్లీ ఆంపియర్లు మామూలే. 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీని 5 మిల్లీ ఆంపియర్లు ఖాళీ చేయాలంటే లెక్కప్రకారం 1000 గంటలు, అంటే నలభై రోజులకు పైమాటే. అదే 50 అయితే 100 గంటలు, నాలుగు రోజులే! నిజానికి పూర్తిగా ఖాళీ కాకముందే సెల్ఫ్ మొండికేస్తుంది.

మీటరులో అంకె ఎక్కువుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి చూడండి. ఏది తీస్తే అంకె పడిపోతుందో, దొంగ ఆ లైనులోనే ఉన్నాడు. ఏది తీసినా మారకపోతే బ్యాటరీకి నేరుగా తగిలించినవి వెతకండి: జీపీఎస్ ట్రాకర్, మొబైల్ చార్జర్, అలారం. చివరికి రెక్టిఫైయర్ కప్లర్ కూడా విప్పి చూడండి. లోపల డయోడ్ పోతే కరెంటు వెనక్కి కారుతుంది. నా దృష్టిలో ఎక్కువ బాధ తెచ్చిపెట్టేవి మనం తర్వాత పెట్టించుకున్న సామాన్లే. వైరు దగ్గరగా ఉందని ఎవరైనా నేరుగా బ్యాటరీకి కలుపుతుంటే ఒప్పుకోకండి. తాళం తీస్తే అవి కూడా ఆగిపోయేలా ఇగ్నిషన్ లైనుతో రిలే వేయించండి.

ఈ బెడద ఇప్పుడే ఎందుకు ఎక్కువ? 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు ఇంజన్ నడిచినంతసేపూ హెడ్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక చాలా బండ్లు ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. వాటిలో పెట్రోల్ పంపుకూ కరెంటే కావాలి, చాలా మోడళ్లకు కిక్ కూడా లేదు. దానికి తోడు వీధి చివరిదాకా వెళ్లి ఆపడం, మళ్లీ సెల్ఫ్ కొట్టడం. వాడిన కరెంటు తిరిగి చేరే వ్యవధే ఉండదు.

మన ఎండలకు బ్యాటరీ తనంతట తానే త్వరగా దిగుతుంది. దిగినదాన్ని అలాగే వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, తర్వాత ఎంత చార్జ్ చేసినా నిలవదు. అందుకే దిగిందని తెలిసిన రోజే చార్జింగ్ పెట్టాలి, అదీ నెమ్మదిగా: 5 ఆంపియర్-అవర్లకు అర ఆంపియర్ చొప్పున. మూతలున్న రకమైతే పై గీత దాటకుండా డిస్టిల్డ్ వాటరే పోయాలి, యాసిడ్ వద్దు.

వారానికి మించి ఊరెళ్తుంటే నెగటివ్ తీగ విప్పి వెళ్లండి. పక్కింటివాళ్లతో రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేయించి ఐడ్లింగ్‌లో ఉంచడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. అరగంట రోడ్డు మీద తిప్పితేనే ఫలితం. తిరిగొచ్చాక తీగ బిగించి, గడియారం సరిచేసుకుంటే సరిపోతుంది.