మీకు తెలుసా? విత్తనానికీ సొంతూరుంటుంది!

విశాఖ సీతమ్మధార వంటింట్లో బెల్లం, నువ్వులు, చోడిపిండి ఎప్పుడూ ఉండేవే. ఆ మూడు పంటలకూ కొత్త వంగడాలు తయారుచేసే కేంద్రాలు మనకు సుమారు గంటన్నర ప్రయాణంలో ఉన్నాయి. చెరకుకు అనకాపల్లి, నువ్వులకు యలమంచిలి, చోడికి విజయనగరం. వీటిలో అనకాపల్లి కేంద్రం 1913 నాటిది. ఇవన్నీ సర్కారువి. మరి విత్తనాన్నే కుటుంబ వ్యాపారంగా చేసుకున్న తెలుగువాళ్ల సంగతి?

● నూజివీడు సీడ్స్‌ను 1973లో మండవ వెంకటరామయ్య మొదలుపెట్టారు. తర్వాత పగ్గాలు కొడుకు ప్రభాకరరావు చేతికొచ్చాయి. కరీంనగర్ జిల్లాలో జి.వి. భాస్కరరావు 1976లో విత్తనాల పని ఆరంభించారు. అదే నేటి కావేరి సీడ్స్. ఈ రెండు కంపెనీలకూ పత్తి పెద్ద పంట.

● పత్తే ఎందుకంటారా? ప్రపంచంలో వాణిజ్యపరంగా సాగైన తొలి హైబ్రిడ్ పత్తి మన దేశానిదే. సూరత్‌లో సి.టి. పటేల్ రూపొందించిన హెచ్-4 1970లో వచ్చింది. హైబ్రిడ్ గింజను దాచి మరుసటి ఏడు వేస్తే చేను ఎగుడుదిగుడుగా వస్తుంది, దిగుబడీ పడిపోతుంది. అందుకే రైతు ఏటా కొత్త ప్యాకెట్ కొనాలి. వ్యాపారం నిలబడేది అక్కడే. ఆ హైబ్రిడ్‌కు తల్లీతండ్రీ అయిన మూల వంగడాలే విత్తన కుటుంబాల అసలు ఆస్తి.

● హైబ్రిడ్ పత్తి గింజ వెనక బోలెడంత చేతిపని ఉంది. సాయంత్రం పూట, రేపు విచ్చుకోబోయే మొగ్గను ఎంచుకుని, గోటితో రేకుల్నీ కేసరాల్నీ ఒలిచేస్తారు. లోపలి కీలాగ్రానికి గోరు తగిలితే ఆ మొగ్గ దండగే. మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి, పుప్పొడి అంటేలా ఆ కీలాగ్రానికి రాస్తారు. జోగులాంబ గద్వాల ప్రాంతంలో వేల ఎకరాల్లో జరిగే పని ఇది.

● నూజివీడు వారి బన్నీ, మల్లిక పత్తి రకాల బీటీ (పురుగును తట్టుకునే) రూపాలకు 2005లో అనుమతి దొరికింది, కానీ దేశంలోని మధ్య, దక్షిణ పత్తి మండలాలకు మాత్రమే, ఉత్తరానికి కాదు. పంజాబ్, హర్యానాల్లో పత్తి తీశాక గోధుమ వేయాలి కాబట్టి అక్కడ త్వరగా చేతికొచ్చే రకం కావాలి. ఆకుముడత వైరస్‌నూ తట్టుకోవాలి. విదర్భ నల్లరేగళ్లలో బాధ వేరు. అక్కడ వానే దిక్కు. ఒకే కంపెనీ ఒకే పంటలో ఇన్నిన్ని రకాలు అమ్మేది అందుకే.

● వరిలో మాత్రం కథ వేరు. పశ్చిమ గోదావరి మార్టేరు కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, హైబ్రిడ్ కాదు. రైతు తన గింజనే మళ్లీ విత్తుకోవచ్చు. అలా చేతులు మారుతూ ఒడిశా, బెంగాల్ పల్లపు పొలాలదాకా పాకింది. అక్కడ వరద బెడద ఎక్కువ. అందుకే సుమారు రెండు వారాల మునకను తట్టుకునే స్వర్ణ సబ్-1 తయారై, 2009లో మన దేశంలో విడుదలైంది. అదే స్వర్ణ, ఒక్క జన్యువు చేర్పుతో!

● ఇలాంటి సర్కారు కేంద్రాల రకాలైతే, సంచి మీది అక్షరాలు చూస్తే చాలావరకు రకం పుట్టిన ఊరు తెలిసిపోతుంది. ఎంటీయూ అంటే మార్టేరు. సాంబ మసూరి బీపీటీ 5204లో బీపీటీ బాపట్ల. నువ్వుల్లో వైఎల్ఎం 66 'శారద' యలమంచిలిది. చోడిలో వీఆర్ 847 'శ్రీచైతన్య' విజయనగరానిది.

● చట్టం కూడా ప్రాంతాల మధ్య తేడాను గుర్తించింది. 1966 విత్తన చట్టం ప్రకారం వేర్వేరు రాష్ట్రాలకు, ఒకే రాష్ట్రంలో వేర్వేరు ప్రాంతాలకు కూడా వేర్వేరు రకాలను నోటిఫై చేయవచ్చు. కాబట్టి గుంటూరు బావగారి చేలో విరగపండిన విత్తనం మన నర్సీపట్నం మెట్టలోనూ అలాగే పండుతుందని నమ్మి డబ్బు పెట్టకండి. అది ఏ ప్రాంతానికి సిఫార్సు చేసిన రకమో ముందు కనుక్కోండి.