హ్యాండిలు చేసే హెచ్చరిక

తాపీ నదీతీరాన వెలసిన సూరత్ మరమగ్గాలకు పేరెన్నికగన్న నగరం. తెలంగాణ నుండి వలస వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు అనేకం అక్కడి లింబాయత్ ప్రాంతంలో స్థిరపడి ఉన్నాయి. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుండి విడుదలైన నీటితో తాపీ పొంగి, నగరంలో అధికభాగం జలమయమయింది.

అటువంటి వరదలో మునిగిన మోటారు సైకిలు, ఇంజను శుభ్రం చేసి నూనె మార్చిన తరువాత మళ్ళీ నడవవచ్చు. కాని నీరు చేసే మరొక నష్టం హ్యాండిలు దిగువన, బండి మెడలో దాగి ఉంటుంది. అక్కడ పైనొకటి, కిందొకటిగా ఉక్కు గిన్నెలు, వాటిలో గ్రీజు పట్టించిన గుండ్లు ఉంటాయి. నీరు చేరితే గ్రీజు చెడుతుంది, గుండ్లు తుప్పు పడతాయి. ఇందుకు వరదే రానక్కరలేదు. గుంతల రోడ్ల కుదుపులకు కూడా గిన్నెలలో గాట్లు పడతాయి.

ఈ లోపం దినదినం కొద్దికొద్దిగా పెరుగుతుంది కనుక చేతులు దానికి అలవాటుపడిపోతాయి. అసలు ప్రమాదం ఇదే. బ్రేకు వేసినప్పుడు భారం ముందు చక్రం మీదికి వస్తుంది. ఆ క్షణంలో మెడ వదులుగా ఉంటే బండి అదుపు తప్పవచ్చు.

పరీక్ష సులభం. సెంటర్ స్టాండు వేసి, ముందు చక్రం నేలను తాకకుండా వెనుకభాగాన్ని ఒకరు అదిమి పట్టాలి. హ్యాండిలును మెల్లగా ఇరువైపులా తిప్పినప్పుడు నడుమ పట్టినట్లు ఆగితే గిన్నెలలో గాట్లు పడ్డాయన్నమాట. అప్పుడు బిగించి ప్రయోజనం లేదు. కోన్‌సెట్టు మొత్తం మార్చవలసిందే. ఫోర్కు అడుగుభాగాన్ని పట్టుకొని ముందువెనుకలకు లాగితే 'టక్' మన్నచో మెడ వదులైనట్లు. అలాగని అతిగా బిగించరాదు. నెమ్మదిగా పోయేటప్పుడు బండి అటూఇటూ తూలుతుంది.

ఇక ఫోర్కు సంగతి. నూనెతో కుదుపులను అణచే టెలిస్కోపిక్ ఫోర్కును జర్మనీలోని బి.ఎం.డబ్ల్యు. సంస్థ 1935లో తన ఆర్-12 బండికి అమర్చింది. నేటికీ సూత్రం అదే: స్ప్రింగు దెబ్బను భరిస్తుంది, సన్నని రంధ్రాల గుండా పోయే నూనె ఎగురుడును అణచివేస్తుంది. నూనె పాతబడితే గుంత దాటిన తరువాత కూడా బండి ఊగుతూనే ఉంటుంది. తీసిన నూనె పాలరంగులో ఉంటే నీరు చేరినట్లు. కొత్త నూనెను తయారీదారు సూచించిన కొలత ప్రకారం రెండు కాళ్ళలోనూ సమంగా పోయాలి. గొట్టంపై తుప్పు గాట్లుంటే కొత్త ఆయిల్ సీలు కూడా త్వరలోనే చిరిగిపోతుంది. కారిన నూనె బ్రేకుకు అంటితే పట్టు తప్పుతుంది.

ఈ పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలే. ఏటా వానకాలం వెళ్ళగానే ఒకసారి చేసుకుంటే చాలా ముప్పు తప్పుతుంది.