ఫ్లైట్ సిమ్యులేటర్: గేమే కదా అనుకోవద్దు.. ప్లాన్‌లో ఎత్తు తప్పు రాస్తే ఏటీసీ ఒప్పుకోదు!

కంప్యూటర్‌లో విమానం నడిపేవాళ్లకీ ఏటీసీ ఉంటుంది. వ్యాట్‌సిమ్ నెట్‌వర్క్‌లో కంట్రోలర్లుగా కూర్చునేది వాలంటీర్లే. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లాలంటే.. ముందు ఫ్లైట్ ప్లాన్ ఫైల్ చేయాలి. కాల్‌సైన్, విమానం రకం, రూట్, ఎత్తు అందులో ఉండాలి.

మరి 35 వేల అడుగులని రాస్తే? కంట్రోలర్ మార్చేస్తారు. ఉత్తరం నుంచి కాస్త పడమరకు ఒరిగిన దారి కాబట్టి సాధారణంగా 34 వేలో, 36 వేలో ఇస్తారు. బేసి ఎత్తులు తూర్పు వైపు వెళ్లేవాటికి. ఎదురెదురు విమానాల మధ్య కనీసం వెయ్యి అడుగుల తేడా ఉండాలన్నదే లెక్క.

తర్వాత నాలుగంకెల స్క్వాక్ కోడ్ వస్తుంది. రాడార్‌లో కనిపించే విమానం ఏ ప్లాన్‌దో తెలిసేది దీనితోనే. క్లియరెన్స్‌ను పైలట్ తిరిగి చదివి వినిపించాలి.

ఆ వెయ్యి అడుగుల విలువేంటో 1996లో చర్ఖీ దాద్రీ చెప్పింది. ఓ విమానం తనకిచ్చిన ఎత్తు కంటే కిందికి దిగింది.. ఎదురుగా వస్తున్న విమానాన్ని ఢీకొట్టింది. 349 మంది చనిపోయారు.