స్టాప్‌వాచి చెప్పిన సంగతి!

సినిమా తీయాలంటే ఏం కావాలి? కథ కావాలి, కెమెరా కావాలి, డబ్బు కావాలి అంటారు. పదిమందిని వెంటబెట్టుకుని నడిపించే మనిషి కూడా కావాలన్న సంగతి నాకు మడకశిర కొండ కింద, మిట్టమధ్యాహ్నపు ఎండలో తెలిసొచ్చింది. అదీ పరువు పోయాక!

కొన్నేళ్ల కిందటి మాట. మా మడకశిరకు దాదాపు మూడు వైపులా కర్ణాటకే. తెలుగు సినిమా, కన్నడ సినిమా రెండూ మా సొంతమే. వాన మాత్రం ఎవరి సొంతమూ కాదు! అలాంటి ఊళ్లో వేరుశనగ రైతు కథతో ఓ లఘుచిత్రం తీద్దామని పదకొండుమందిమి బయల్దేరాం. దర్శకుణ్ణి నేనే. ఎందుకంటారా? కెమెరా తెచ్చింది నేను గనుక!

"స్క్రిప్టు ఏదన్నా?" అని ఎవరైనా అడిగితే, "అంతా ఇక్కడుంది" అని తల తట్టి చూపించేవాణ్ణి.

మా హీరో కుర్రాడు దినకూలీ. పని మానుకుని వచ్చాడు. పొద్దున ఆరింటికే మొహానికి రంగు పూసుకుని కూర్చునేవాడు. "అన్నా, ఈ పొద్దు నా సీనుందా?" అనేవాడు. "ఉండప్పా, చెప్తా" అనేవాణ్ణి. చెప్పేవాణ్ణి కాదు. నాకు తెలిస్తే కదా! రెండో రోజు సాయంత్రం వెలుగు బాగా వచ్చింది. సరిగ్గా అప్పుడే వాడు టీ తాగడానికి వెళ్లాడు. తిరిగి రాగానే అందరి ముందూ నోటికొచ్చినట్టు తిట్టాను. దర్శకుడంటే కేకలేయాలి కాబోలు అనుకునే వయసు!

మూడో రోజు వాడు రాలేదు. వాళ్లమ్మ వచ్చింది. "ఏమప్పా, మా వాని రెండు దినాల కూలి పాయె. నువ్వేమన్నా ఇస్తావా?" అంది. నావాళ్లెవరూ నా వైపు చూడలేదు. ఆ సాయంత్రానికే అంతా సర్దేశాం.

సిగ్గుతో ఇంట్లో కూర్చుని పాత సినిమాలు చూశాను, వాటి గురించి చదివాను. అలా దొరికారు కె.వి.రెడ్డి గారు. మాయాబజార్ దర్శకుడాయన అని మీకు చెప్పాలా! మా పాత అనంతపురం జిల్లా మనిషే. 1912లో తాడిపత్రిలో పుట్టారు. దర్శకుడు కాకముందు క్యాషియరుగా, ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేశారు. షూటింగు మొదలవకముందే స్క్రిప్టు మొత్తం సిద్ధం. రిహార్సల్సులో స్టాప్‌వాచి పట్టుకుని ఒక్కో సన్నివేశం నిడివి లెక్కగట్టేవారు. అనుకున్నది దాటనిచ్చేవారు కాదు.

ఇదంతా ముడిఫిల్ము పొదుపు కోసమని చెబుతుంటారు. కావచ్చు. నాకు మాత్రం ఇంకోటి తోస్తుంది. 1957 నాటి మాయాబజార్‌కి లైట్‌మెన్, వడ్రంగులు, పెయింటర్లు, మేకప్ వాళ్లు అంతా కలిపి నాలుగు వందల మంది దాకా పనిచేశారంటారు. ఆ గడియారంలో తిరిగింది వాళ్ల రోజులు కూడా కదా!

ఆ చిత్రానిదే మరో ముచ్చట. అంతకుముందు కృష్ణుడి వేషంలో కనిపించిన ఎన్.టి.రామారావు గారిని జనం మెచ్చలేదు. అందుకని మళ్లీ ఆ వేషమంటే ఆయన జంకారు. ధైర్యం చెప్పి ఒప్పించింది కె.వి. గారే. తర్వాతి కథ తెలుగువాళ్లందరికీ తెలుసు. నేనో... నా హీరోకి ఉన్న కాస్త ధైర్యం కూడా ఊడబెరికాను!

1954లో ఆయనే తీసిన పెద్దమనుషులు చూసి మరీ ఇబ్బంది పడ్డాను. అందులో మునిసిపల్ చైర్మన్ పైకి ఊరంతటికీ పెద్ద. లోపల వేరే మనిషి. నా పెద్దరికం మాత్రం? కెమెరా భుజానున్నంతసేపే!

రెండు వారాలు కూర్చుని స్క్రిప్టు రాశాను. ఫోనులో స్టాప్‌వాచి పెట్టుకుని పైకి చదివాను. పన్నెండు నిమిషాలు. ఎవరి పని ఏ రోజు, ఏ గంటకో కాగితం మీద వేశాను. చెప్పడానికి సులువే గానీ, ఆ కాగితం నాచేత నాలుగుసార్లు చింపించింది.

రెండు రోజుల కూలి జేబులో పెట్టుకుని ఆ కుర్రాడింటికి వెళ్లాను. వాళ్లమ్మ లెక్కపెట్టుకుంది గానీ, కూర్చోమనలేదు. వాడు గడప దగ్గరే నిలబడి ఆ కాగితం చదివాడు.

"నా సీను ఎప్పుడన్నా?"

"ఆదివారం పొద్దున ఏడున్నరకు. తొమ్మిదిన్నరకల్లా ఇంట్లో ఉంటావు."

వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పదయితే నేను వెళ్లిపోతానన్నా, ముందే చెప్తాండా" అన్నాడు.