అక్క బీపీ, మన ఫ్లూయిడ్ మెకానిక్స్

మొన్న సెలవులకి ఇంటికెళ్తే అక్క పుట్టింట్లోనే ఉంది. ఏడో నెల. "ఒంట్లో బాగానే ఉందిరా, ఈసారి చెకప్ మానేద్దాం. బీపీ చూసి పంపించడమే కదా" అంది. నాకూ డౌటొచ్చింది, ప్రతిసారీ బీపీయే ఎందుకు చూస్తారని. చదివితే తెలిసింది, ఇది మన సబ్జెక్టేనని.

గర్భిణి ఒంట్లో రక్తం దాదాపు 40-45 శాతం పెరుగుతుంది. గుండె నిమిషానికి పంపు చేసే రక్తం కూడా 30-50 శాతం పెరుగుతుంది. అలాంటప్పుడు పీడనం పెరిగిపోవాలి కదా? కానీ నడి నెలల్లో బీపీ కాస్త తగ్గుతుంది! ఎందుకంటే రక్తనాళాలు వెడల్పవుతాయి. గొట్టం వ్యాసార్థం 10 శాతం పెరిగితే చాలు, నిరోధం దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. నాలుగో ఘాతం మహిమ.

మరి నాళాలకి ఆ కబురు చెప్పేదెవరు? హార్మోన్లు. ఈస్ట్రోజెన్, రిలాక్సిన్ అందగానే నాళాల లోపొర నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువగా తయారుచేస్తుంది. ఆ వాయువు పక్కనున్న కండరాన్ని సడలిస్తుంది. (ఈ వాయువు రక్తనాళాల్లో సంకేతంగా పనిచేస్తుందని కనిపెట్టినందుకే 1998లో నోబెల్ ఇచ్చారు.) నాళాల్ని బిగించే యాంజియోటెన్సిన్ మాటని మాత్రం ఆ నెలల్లో నాళాలు అంతగా లెక్కచెయ్యవు.

గర్భసంచిలో మార్పు ఇంకా పెద్దది. మావి నుంచి వచ్చిన కణాలు అక్కడి మెలికల ధమనుల్లోకి చొరబడి, గోడల్లోని కండరాన్ని తీసేసి, వాటిని వెడల్పాటి గొట్టాలుగా మార్చేస్తాయి. ఇక బిగుసుకోమన్నా బిగుసుకోలేవు. నిమిషానికి 50 మిల్లీలీటర్లున్న ప్రవాహం, నెలలు నిండేసరికి 500 దాటుతుంది.

ఈ పని సగంలో ఆగిపోతే? మావికి రక్తం సరిగ్గా అందదు. అది వదిలే ప్రోటీన్లు తల్లి నాళాల లోపొరని దెబ్బతీస్తాయి, బీపీ పెరుగుతుంది. ప్రీ-ఎక్లాంప్సియా చాలావరకు ఇలాగే మొదలవుతుంది. 20 వారాల తర్వాత బీపీ 140/90 చేరితే డాక్టర్లు అప్రమత్తమవుతారు. తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం ఉన్నట్టుండి వాయడం కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. చిక్కేమిటంటే, మొదట్లో ఏ లక్షణమూ ఉండకపోవచ్చు. "బాగానే ఉంది" అనిపిస్తున్నప్పుడే బీపీ పెరుగుతూ ఉండొచ్చు.

ఇదంతా అక్కకి చెప్పాను. "పరీక్షలో కూడా ఇంత బాగా రాశావా?" అని నవ్వింది. మర్నాడు పొద్దున్నే ఇద్దరం చెకప్‌కి బయల్దేరాం.