మొదటి నెల కిస్తు లెక్క ఎందుకు తప్పుతుంది?

సూరత్‌లోని గోడాదరా, లింబాయత్ ప్రాంతాల్లో తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అద్దె గది వదిలి సొంత రో హౌస్‌లోకి మారాలంటే వీరిలో ఎక్కువమందికి గృహరుణమే దిక్కు. గుజరాతీలో ‘హప్తో’ అన్నా, మనం కిస్తు అన్నా, ఈఎంఐ అన్నా ఒకటే. మరి బ్యాంకు చెప్పిన కిస్తు ఒకటైతే, మొదటిసారి ఖాతాలోంచి కోత పడేది ఇంకొకటి ఎందుకవుతుంది?

ఒక ఉదాహరణ చూద్దాం. రుణం రూ.20 లక్షలు, వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు. ఈఎంఐ రూ.17,356. బ్యాంకు మార్చి 18న డబ్బు విడుదల చేసింది. కిస్తు తేదీ ప్రతి నెలా 5. ఈఎంఐ లెక్క నిండు నెలకు కట్టింది కాబట్టి ఏప్రిల్ 5 నాటికి అది కుదరదు. అప్పటికి గడిచింది 18 రోజులే. రోజుకు సుమారు రూ.466 చొప్పున ఆ 18 రోజుల వడ్డీ రూ.8,384. బ్యాంకులు దీన్నే ‘బ్రోకెన్ పీరియడ్’ వడ్డీ అంటాయి.

కొన్ని బ్యాంకులు ఈ మొత్తాన్ని ఏప్రిల్‌లోనే విడిగా తీసుకుని, మే 5 నుంచి పూర్తి ఈఎంఐ మొదలుపెడతాయి. మరికొన్ని దాన్ని మొదటి ఈఎంఐకి కలుపుతాయి. అప్పుడు మేలో ఒకేసారి రూ.25,740 కట్ అవుతుంది. చిక్కు వచ్చేది ఇక్కడే. ఖాతాలో సరిగ్గా 17,356 ఉంచిన ఇంట్లో మొదటి కిస్తే బౌన్స్ అవుతుంది. పెనాల్టీతో పోదు, క్రెడిట్ స్కోరు మీదా మచ్చ పడవచ్చు.

రూ.8,384 కట్టినందుకు అసలు ఒక్క రూపాయి కూడా తగ్గదు. ఆ మాటకొస్తే మొదటి పూర్తి ఈఎంఐలోనూ రూ.14,167 వడ్డీకే పోయి, అసలుకు జమయ్యేది రూ.3,190 మాత్రమే.

కట్టుబడిలో ఉన్న ఫ్లాట్ అయితే కథ ఇంకాస్త పొడుగు. బిల్డర్‌కు తొలి విడతగా రూ.5 లక్షలే వెళ్తే నెలకు రూ.3,542 వడ్డీ పడుతుంది. దీన్ని ప్రీ-ఈఎంఐ అంటారు. కిస్తు తక్కువే అనిపిస్తుంది గానీ, బిల్డర్ ఏడాది ఆలస్యం చేస్తే ఆ ఏడాదంతా కట్టింది వడ్డీయే.

అయితే ప్రతి తేడానూ సరైనదే అనుకోనక్కర్లేదు. డబ్బు చేతికి రాకముందే, మంజూరు తేదీ నుంచో ఒప్పందం తేదీ నుంచో వడ్డీ వేసిన సందర్భాలు తనిఖీల్లో బయటపడ్డాయని రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 29న చెప్పింది. చెక్కు తేదీ నుంచి వడ్డీ లెక్కగట్టి చెక్కును చాలా రోజుల తర్వాత ఇవ్వడం, కొన్ని రోజులకే నెల మొత్తం వడ్డీ తీసుకోవడం కూడా అందులో ఉన్నాయి. అదనంగా తీసుకున్నది తిరిగి ఇవ్వాలని ఆదేశించింది. కాబట్టి స్టేట్‌మెంట్‌లో చూడాల్సింది రెండే: డబ్బు నిజంగా విడుదలైన తేదీ, వడ్డీ మొదలైన తేదీ.

2024 అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్ రుణాలన్నింటికీ ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ ఇవ్వడం తప్పనిసరి. కిస్తుల పట్టిక అందులోనే ఉంటుంది. అది రుణం తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలన్నది నిబంధన. గోడాదరాలో తెలుగు మాత్రమే చదవగలిగినవారు సంతకానికి ముందే ఈ మాట అడగవచ్చు.