రాణివాసం పోయింది... ఏనుగుల ఇల్లు నిలిచింది!

హంపీకి వెళ్ళినవాళ్ళు గజశాల ముందు ఫొటో దిగకుండా రారు. మన అనంతపురం వాళ్ళకు అదేమంత దూరం? గుంతకల్లు, బళ్ళారి మీదుగా హోస్పేట చేరితే చాలు. ఈసారి వెళితే ఫొటోతో సరిపెట్టకుండా, ఆ కట్టడాన్ని ఇల్లాలి కళ్ళతో ఒకసారి చూడండి.

ఒకే వరసలో 11 గదులు, అన్నీ పడమటి ముఖం. నడిమి గది మీద మండపం, దానికి అటు ఐదు, ఇటు ఐదు గుమ్మటాలు. కొన్ని కుండ బోర్లించినట్టు నున్నగా, కొన్ని గుమ్మడికాయలా గాళ్ళు గాళ్ళుగా ఉంటాయి. ముగ్గులో ఇటు గీతకు అటు జత వేసినట్టు, ఎడమ వరసకు కుడి వరస సరిజోడు! లోపలికెళ్ళి తలెత్తండి. నలుచదరపు గది మూలల్లో కమానులు కట్టి, గోడల్ని గుండ్రని కప్పులోకి మలిచారు. ఎక్కడా కొయ్య దూలం లేదు. కప్పు అంత ఎత్తున ఉంటే వేడిగాలి పైకి పోతుంది. ఎండలు మండే ఈ సీమలో అంతకన్నా ఏం కావాలి?

ఏనుగులకు జరిగిన మర్యాద వింటే ముక్కున వేలేసుకుంటాం. 1443లో విజయనగరం వచ్చిన పారశీక రాయబారి అబ్దుల్ రజాక్ అదంతా రాసిపెట్టాడు. కిచిడీ వండి, ఏనుగు కళ్ళెదుటే దించి, ఉప్పూ చక్కెరా కలిపి, ముద్దలు కట్టి, నేతిలో ముంచి నోటికందించేవారట. రోజుకు రెండు పూటలా! ఏ ఒక్కటి తగ్గినా ఏనుగుకు కోపం, మావటికి రాజుగారి శిక్ష. వంట బాగోలేదని అలిగే మన ఇంటి మహారాజులే నయం కదూ!

ఆయన చూసిన ఏనుగుల కొట్టాలకు కప్పు కొయ్యదే. అవి లేవు. గజశాల పక్కనే, జనానా అని పిలిచే ప్రాకారం లోపల రాణిగారి మేడదీ అదే గతి. 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత రాజులు మన పెనుకొండకు తరలిపోయారు. రాజధాని పాడుబడింది. కొయ్య స్తంభాలూ దూలాలూ పోయి, మేడకు రాతి అరుగు మాత్రం మిగిలింది. రాయీ సున్నమూ కలిపి కట్టిన గజశాల, అదే ఆవరణలోని కమల మహల్ ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. నిలబెట్టింది హోదా కాదు, గచ్చు!

సున్నం గాలి పీల్చుకుంటూ ఏళ్ళు గడిచేకొద్దీ తిరిగి రాయిలా గట్టిపడుతుంది. గోడలో చెమ్మను బయటికి వదులుతుంది. దానిమీద సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే చిక్కి గోడను తినేస్తుంది. మీ పుట్టింట్లోనో అత్తింట్లోనో పాత గచ్చు గోడ ఉంటే, "పాతదేలే" అని సిమెంటు మెత్తించకండి. సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతికించండి. ఏనుగుల ఇంటిని ఇన్ని వందల ఏళ్ళు కాచిన సున్నం, మన ఇంటిని కాపాడలేదా?